ఇన్, ఆన్

సోహార్ పోర్టు పక్కన పర్మిట్ల క్యాబిన్లో
నా కుర్చీకి ఒక చక్రం లేదు.
ఎటు ఒరిగినా పడకుండా కూర్చోవడం
పదకొండేళ్లలో వచ్చేసింది.
ఇంగ్లీషులో కూర్చోవడమే ఇంకా కుదరలేదు.

చేరిన కొత్తలో
మా చిన్నమ్మ ఎక్స్‌పైర్ అయింది, నాలుగు రోజులు సెలవివ్వమని మెయిల్ పెడితే
హెచ్చార్‌లో కూర్చున్న ఈజిప్టు కుర్రాడు
ఏ కార్డు, రెన్యూవల్ ఎప్పుడు, అని అడిగాడు.
నవ్వు రాలేదు అప్పుడు.
ఆమెను తలుచుకుంటే ఇప్పుడు వస్తుంది,
ఆమె కూడా నవ్వేదే.

మన దగ్గర చిన్నమాట వెనకాల నడుస్తుంది.
ఇంట్లో. మెట్ల మీద. ఆర్మూరుకి.
ముందు మనిషి, వెనక నీడ.
ఇక్కడ అది ముందే వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది,
కార్డు చూపించందే
వెనకున్న పేరుని లోపలికి వదలదు.

ఎనిమిదో తరగతిలో బెత్తం ఊపుతూ విఠల్రావు సారు
చేతన్ చేన్ తోడన్ తోన్ అనిపిస్తుంటే
కిటికీ అవతల పసుపు ఉడుకుతున్న వాసన.
కిన్ కున్ యొక్క లోన్ లోపలన్,
అక్కడికి వచ్చేసరికి గంట కొట్టేవాళ్లు.
'మీద' ఆ వరసలో ఎక్కడా లేదు.
ఎందుకు లేదని ఎవరం అడగలేదు.

ఆగస్టు, మంగళవారం, పొద్దున ఆరున్నర.
కురువిళా సారు పంపిన పర్మిట్ టేబుల్ మీదికొచ్చింది.
వర్క్ ఆన్ ట్యాంక్. పెయింటింగ్.
మనుషులు ముగ్గురు.
సంతకానికి పెన్ను మూత తీశాను.

మూడోవాడు లింబాద్రి.
గుమ్మంలో నిలబడి చొక్కాకి చెమట తుడుచుకుంటున్నాడు.
చేతిలో పొడుగు వైరున్న బల్బు.
పైకప్పు మీద రంగేసేవాడికి
ఆ ఎండలో
బల్బెందుకు?

"యాడ తమ్మీ పని?"
"లోపట్నే అన్నా. అడుగు గీకాలె."

ఆన్ కొట్టేసి ఇన్ రాశాను.
మన లిపిలో అయితే తేడా ఒక్క అచ్చు.
కాగితం రంగు మారిపోయింది.
తెల్లది పోయి పచ్చది కావాలి,
గ్యాస్ టెస్టర్ రావాలి, మ్యాన్‌హోల్ దగ్గర
పేర్లు రాసుకుంటూ ఒక మనిషి కూర్చోవాలి.

కురువిళా ఫోన్లో అరిచాడు,
మలయాళంలో సగం, హిందీలో సగం.
ఇంగ్లీషు మాత్రం వాడలేదు.
లింబాద్రి గోడ నీడలో గొంతుక్కూర్చుని
"ఒక్క అక్షరానికి గింత లొల్లా" అన్నాడు.
కరక్ చాయ్ తెప్పించాను. చల్లారబెట్టుకుని తాగాడు.

తొమ్మిదింటికి టెస్టర్ మీటరు దింపాడు.
ఆక్సిజన్ పదిహేడు పాయింట్ రెండు.
పుస్తకంలో రాసుకుని, బ్లోయర్ పెట్టండి అని వెళ్లిపోయాడు.
అంతే.
ఎవరూ ఆకాశం వైపు చూడలేదు.
ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు.
భోజనాల తర్వాత ముగ్గురూ దిగారు,
సాయంత్రం ముగ్గురూ ఎక్కి వచ్చారు,
కనుబొమ్మల దాకా తుప్పు.

ఆలస్యానికి కారణం రాయమని మెయిల్.
డ్యూ టు మీ అని మొదలుపెట్టాను.
బై మీ అన్నాను. ఆన్ మై పార్ట్ అన్నాను,
అది ఏదో నాటకంలో వేషంలా ఉంది.
సారీ అని రాశాను. చెరిపాను. మళ్లీ రాశాను.
రోవేనా భుజం మీంచి తొంగిచూసి
మౌస్ లాక్కుని నాలుగు లైన్లూ తీసేసి
కరెక్షన్ అని ఒక్కమాట కొట్టి పంపేసింది.
దానికి ముందూ వెనకా ఏ చిన్నమాటా అక్కర్లేదట.

రాత్రి మెస్‌లో పప్పు వడ్డించుకుంటూ
లింబాద్రి అడిగాడు:
"ఇన్ అంటే లోపటనే గదన్నా?"
అవునన్నాను.
"మరి నేను ఒమన్ ఇన్నా, ఒమన్ ఆనా?"

నోట్లో ముద్ద ఉంది.
నమిలే వంకతో చాలాసేపు ఆలోచించాను.